సి డ్రైవ్, డి డ్రైవ్: ఇంటి కంప్యూటర్‌లో సిస్టమ్ ఎక్కడుంది, మన కాగితాలు ఎక్కడున్నాయి

కంప్యూటర్ మొరాయించిందని బాగుచేసే దుకాణానికి తీసుకెళ్తే కడకు వినిపించే మాట ఒకటే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో "ఫార్మాట్ పణ్ణిడలామా?" అంటారు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో "ఫార్మాట్ మాడ్లా?" అంటారు. ముంబయి లామింగ్టన్ రోడ్డులో "ఫార్మాట్ కరూ కా?" అంటారు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది, సి లో డేటా ఏమైనా ఉందా అని. ఈ రెండో ప్రశ్నకు మనవాళ్లలో చాలామంది "ఏమీ లేదండీ, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి" అని జవాబు చెబుతారు. నష్టం జరిగేది ఆ జవాబు దగ్గరే. ఎందుకంటే డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే.

మన ఇళ్లలోని కంప్యూటర్లలో ఇవాళ సినిమాలు, పాటలు మాత్రమే లేవు. తాతల నాటి తెలుగు దస్తావేజుల స్కాన్లు ఉన్నాయి. మాతృభాష తెలుగు అని రాసిన పాత టీసీలు, పెళ్లి వీడియోలు, వంశవృక్షాలు, సంఘాల సభ్యత్వ రిజిస్టర్లు, ఉగాది సంచికల పేజీలు ఉన్నాయి. వీటిలో కొన్నింటికి అసలు కాగితం చెదలు తినేసింది, కంప్యూటర్‌లో ఉన్నదే అసలు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అందువల్ల విండోస్ 11 వేయించుకునేవారు, కొత్త ల్యాప్‌టాప్ కొని పాతది ఇచ్చేసేవారు ఎక్కువయ్యారు. ఈ పనికి పూనుకునే ముందు డిస్క్‌లో ఏ భాగం కంప్యూటర్‌ది, ఏ భాగం మనది అన్నది తెలిసి ఉండాలి.

డిస్క్, పార్టిషన్, వాల్యూమ్

ఈ మూడు మాటలనూ దుకాణాల్లో కలిపి వాడేస్తారు. డిస్క్ అంటే పెట్టెలో ఉన్న వస్తువు, చేత్తో పట్టుకోగలిగినది. పాతవాటిలో గిరగిరా తిరిగే పళ్లేలు ఉన్న హార్డ్ డిస్క్, కొత్తవాటిలో తిరిగే భాగమేదీ లేని ఎస్ఎస్‌డి ఉంటాయి. ఆ డిస్క్‌లోని చోటును పంచుతూ వేసిన హద్దుల మధ్య భాగం పార్టిషన్. రెవెన్యూ లెక్కలు తెలిసినవారికి సులువుగా చెప్పాలంటే, ఒకే సర్వే నంబరును సబ్‌డివిజన్ చేయడం లాంటిది. హద్దులు వేసిన భాగాన్ని ఫైళ్లు దాచుకోవడానికి వీలుగా తయారు చేస్తే అది వాల్యూమ్ అవుతుంది. ఆ తయారు చేయడం పేరే ఫార్మాట్. ఇక్కడ వాల్యూమ్ అంటే రేడియో శబ్దం కాదు, పుస్తకాల్లో మొదటి సంపుటం, రెండో సంపుటం అంటామే, ఆ అర్థానికి దగ్గర.

వాల్యూమ్‌కు విండోస్ ఒక అక్షరం ఇస్తుంది. ఎ, బి అనే అక్షరాలను పాతకాలంలో ఫ్లాపీలకు కేటాయించారు. ఫ్లాపీలు పోయినా ఆ రెండూ అలాగే మిగిలాయి, అందుకే మన లెక్క సి తో మొదలవుతుంది.

డిస్క్ కొన్నప్పుడు అట్టపెట్టె మీద ఒక అంకె, కంప్యూటర్‌లో ఒక అంకె కనిపించి మోసపోయామని అనుకునేవారు ఉన్నారు. మోసం లేదు. తయారీదారు ఒక జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కిస్తాడు. విండోస్ వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్కిస్తుంది. దానివల్ల 256 జీబీ డిస్క్ 238గా, 512 జీబీ 476గా, 1 టీబీ 931 జీబీగా కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌కూ ఇదే లెక్క.

సి లోపల ఎవరెవరు కాపురం ఉంటున్నారు

సి డ్రైవ్ తెరిస్తే ముఖ్యంగా మూడు రకాల ఫోల్డర్లు కనిపిస్తాయి. విండోస్ అనే ఫోల్డర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే రెండు ఫోల్డర్లలో మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఈ రెండు రకాలూ పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు, ప్రపంచంలో అందరి కంప్యూటర్లలోనూ ఉన్నవే అవి.

మూడోది యూజర్స్. చూడాల్సింది దీన్నే. దాని లోపల మీ పేరుతోనో, కంప్యూటర్ మొదట తెరిచినప్పుడు మీ అబ్బాయి పెట్టిన పేరుతోనో ఒక ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ అన్నీ దాని లోపలివే. తెర మీద విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి అవి సి కి బయట ఉన్నాయన్న భ్రమ కలుగుతుంది. మొత్తం ప్రపంచంలో మీ దగ్గర మాత్రమే ఉన్న కాగితం, ఎక్కడైనా దొరికే విండోస్ పక్కనే, ఒకే గదిలో కూర్చుని ఉందన్నమాట. సి ని ఫార్మాట్ చేస్తే రెండూ కలిసి పోతాయి.

అదే ఫోల్డర్‌లో యాప్‌డేటా అనే ఇంకొక ఫోల్డర్ కంటికి కనిపించకుండా ఉంటుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, సాఫ్ట్‌వేర్ల సెట్టింగులు అందులో ఉంటాయి. అవుట్‌లుక్ వాడేవారి పాత ఉత్తరాల ఫైలు మామూలుగా డాక్యుమెంట్స్ లోపల అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. దుకాణాలున్న కుటుంబాలు టాలీ సంగతి తప్పక చూసుకోవాలి. వేసేటప్పుడు ఎవరూ దారి మార్చకపోతే టాలీ లెక్కలు సి లోనే చేరతాయి. "మా లెక్కలు టాలీలో ఉన్నాయి" అంటే సరిపోదు, ఆ టాలీ తన డేటాను ఏ ఫోల్డర్‌లో రాస్తోందో చూడాలి. కంపెనీని తెరిచే చోట డేటా పాత్ అని చూపిస్తుంది, దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిస్క్‌లో అక్షరం లేని చిన్న భాగాలు కూడా ఉంటాయి. స్టార్ట్ బటన్ మీద కుడివైపు క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కనిపిస్తాయి. ఒకటి ఇఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌ను ఎక్కడ వెతకాలో చెప్పేది అదే. ఇంకొకటి రికవరీ పార్టిషన్, విండోస్ పాడైతే బాగుచేసే పనిముట్లు అందులో ఉంటాయి. ఖాళీగా పడి ఉన్నాయని వీటిని తొలగించి చోటు సంపాదించాలనుకోవద్దు. దక్కేది కొన్ని వందల ఎంబీలు, పోయేది కంప్యూటర్ ఆన్ అవడం.

డి డ్రైవ్ వేరే డిస్క్ అవునా, కాదా

మన సభ్యుల్లో చాలామంది జాగ్రత్తపరులే. ముఖ్యమైనవి సి లోనూ, డి లోనూ రెండు చోట్లా పెట్టుకుంటారు. కానీ ఆ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు భాగాలైతే అది రెండు ప్రతులు ఉన్నట్టు కాదు. డిస్క్ కాలిపోయినా, ల్యాప్‌టాప్ కింద పడినా, ఎవరైనా ఎత్తుకుపోయినా రెండూ ఒకేసారి పోతాయి. ఒకే బీరువాలో పై అరలో ఒక జిరాక్స్, కింది అరలో ఇంకో జిరాక్స్ పెట్టినట్టే.

తెలుసుకోవడం సులువు. పైన చెప్పిన డిస్క్ మేనేజ్‌మెంట్ కింది భాగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని వరుసలు ఉంటాయి. సి, డి రెండూ డిస్క్ 0 వరుసలోనే ఉంటే ఒకటే డిస్క్. సి ఒక వరుసలో, డి ఇంకో వరుసలో ఉంటే రెండు డిస్క్‌లు. ఇటీవలి డెస్క్‌టాప్ కంప్యూటర్లలో విండోస్‌కు చిన్న ఎస్ఎస్‌డి, దాచుకోవడానికి పెద్ద హార్డ్ డిస్క్ పెట్టడం మామూలు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఒకటే ఉంటుంది. కొత్తవాటిలో అయితే డి ఉండనే ఉండదు, అంతా సి. ఆ కిటికీలో చూసి బయటికి రండి, కుడి క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్, ఫార్మాట్ లాంటివి నొక్కకండి.

డేటాను డి లో పెట్టడం వల్ల ఏమీ లాభం లేదా అంటే, ఉంది. సి ని మాత్రమే ఫార్మాట్ చేసినప్పుడు డి లోనివి అలాగే ఉంటాయి. విండోస్ తరచూ పాడయ్యే రోజుల్లో పుట్టిన అలవాటు అది, మంచి అలవాటే. అది విండోస్ పాడవడం నుంచి కాపాడుతుంది, డిస్క్ పాడవడం నుంచి కాపాడదు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే చాలు.

టెక్నీషియన్ చేసే పనికి పేరు ఒకటి, ఫలితాలు నాలుగు

"ఫార్మాట్" అన్న ఒక్క మాటతో దుకాణంలో నాలుగు వేర్వేరు పనులు చేస్తారు. ఏది చేయబోతున్నారో అడిగి తెలుసుకోవాలి.

విండోస్ 10 మీదే విండోస్ 11కు అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు రెండూ ఉంటాయి. పాత విండోస్ కూడా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో 10 రోజులు ఉండి, ఆ తర్వాత దానంతట అది పోతుంది. రీసెట్ దిస్ పీసీ అనే దారిలో వెళ్తే రెండు ఎంపికలు వస్తాయి. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వంటివి ఉంటాయి, కానీ మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుంటే మనవన్నీ పోతాయి. అందులో ఇంకో లోతు ఉంది. సెట్టింగులు మార్చు అన్న చోట, అన్ని డ్రైవ్‌ల నుంచీ తొలగించాలా అన్న మీట ఉంటుంది. అది ఆన్ అయితే డి కూడా పోతుంది.

మూడోది పెన్‌డ్రైవ్ పెట్టి కొత్తగా విండోస్ వేయడం. సి ని మాత్రమే ఎంచుకుని ఫార్మాట్ చేసి వేస్తే డి ఉంటుంది. సి ని ఫార్మాట్ చేయకుండానే దాని మీద వేస్తే పాత యూజర్స్ ఫోల్డర్ విండోస్.ఓల్డ్ లోపలికి చేరుతుంది. అన్నీ పోయాయని ఏడ్చేముందు అక్కడ ఒకసారి చూడాలి. నాలుగోది, అన్ని పార్టిషన్లనూ తీసేసి డిస్క్ మొత్తాన్ని కొత్తగా హద్దులు వేయడం. పని త్వరగా తెమిలిపోతుంది కాబట్టి తొందరలో ఉన్న కుర్రాళ్లకు ఇదే ఇష్టం. ఇందులో డి అన్నది మిగలదు.

పోయిన తర్వాత తిరిగి వస్తాయా అంటే, పళ్లేలున్న పాత హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ చేసి ఉంటే, దాని మీద కొత్తవి రాయకముందే ఆపితే, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంత దొరకవచ్చు. అందుకే తప్పు జరిగిందని తెలిసిన క్షణమే కంప్యూటర్ ఆపేయాలి, "ఇంకాసేపు వెతికి చూద్దాం" అని వాడకూడదు. ఎస్ఎస్‌డి అయితే ఆశ చాలా తక్కువ. తొలగించిన చోటును అది తనంతట తానే తుడిచేసుకుంటుంది.

తెలుగు అక్షరం కూడా సి లోనే ఉంది

ఇది ఇంగ్లిషు వ్యాసాల్లో కనపడని సంగతి, మనకు మాత్రం ముఖ్యం. సంఘాల పాత సంచికలు, ఆహ్వానపత్రికలు, వంశచరిత్రలు ఎన్నో అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేసినవి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఉండే స్థానాల్లోనే తెలుగు అచ్చు బొమ్మలను కూర్చి వాటిని తయారు చేశారు. ఫైలులో నిజానికి ఉన్నది ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలే. ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనిపిస్తాయి.

ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే చోట, అంటే సి లో. ఫైలు మాత్రం డి లో భద్రంగా ఉంటుంది. సి ని ఫార్మాట్ చేసి తెచ్చుకున్నాక ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. "ఫైలు కరప్ట్ అయింది, డిలీట్ చేసేయండి" అని తెలుగు రాని టెక్నీషియన్ సలహా ఇస్తాడు, అతని తప్పేమీ లేదు, అతనికి అలాగే కనిపిస్తుంది. డిలీట్ చేయకండి. ఫైలుకు ఏమీ కాలేదు. అదే ఫాంటు మళ్లీ వేస్తే అక్షరాలన్నీ తిరిగి వస్తాయి.

అందుకని ఫార్మాట్‌కు ముందు చేయవలసిన పనుల్లో ఇది మొదటిది. మీ తెలుగు ఫైళ్లు ఏ ఫాంట్లలో ఉన్నాయో చూసి, ఫాంట్స్ ఫోల్డర్ నుంచి వాటిని ఒక వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. సాఫ్ట్‌వేర్ కొన్నప్పటి సీడీ, దాని కీ ఉన్న కాగితం ఎక్కడున్నాయో వెతికిపెట్టుకోండి. ఇక మార్చనక్కరలేని ముఖ్యమైన ఫైళ్లను, ఫాంటు ఇంకా పనిచేస్తున్నప్పుడే పీడీఎఫ్‌గా దాచండి. పీడీఎఫ్‌లో ఫాంటును లోపలే పొదిగి ఉంచవచ్చు, అలా ఉంచితే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. ఆ పీడీఎఫ్‌ను ఫాంటు లేని ఇంకో కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో తెరిచి చూస్తే అనుమానం తీరుతుంది. అను అక్షరాలను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. మార్చిన తర్వాత ప్రూఫు దిద్దాల్సిందే, మూలాన్ని పారేయకూడదు.

యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ బాధ లేదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 7లో వాణి ఫాంట్లు విండోస్‌తో పాటే వచ్చాయి, విండోస్ 8 నుంచి నిర్మల ఫాంటు విండోస్‌తో పాటే వస్తోంది. కొత్తగా రాసేవన్నీ యూనికోడ్‌లో రాయడం మేలన్నది నా అభిప్రాయం. అచ్చుకు అను ఫాంట్ల అందం వేరు అనేవారితో నేను వాదించను.

సి ఎర్రబడితే

సి కింద ఉన్న పట్టీ ఎర్రగా మారిందంటే చోటు అయిపోతోందని అర్థం. విండోస్ అప్‌డేట్లు ఆగిపోతాయి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అప్పుడు విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లలోనివి మౌస్‌తో లాగి డి లో పడేసేవారున్నారు. వాటిని ముట్టుకోకూడదు. తరలించవలసింది మన వస్తువులను.

డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే పుట తెరిస్తే మూవ్ అనే బటన్ ఉంటుంది. ముందుగా డి లో ఒక కొత్త ఫోల్డర్ చేసుకుని దాన్ని చూపించాలి. నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే డి మొత్తం డాక్యుమెంట్స్‌గా మారి తర్వాత విడదీయడం తలనొప్పి అవుతుంది. పిక్చర్స్, వీడియోస్, డెస్క్‌టాప్‌లకూ ఇదే పద్ధతి. కొన్ని కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి ముందే చేరి ఉంటాయి. అలాంటప్పుడు మొదట వన్‌డ్రైవ్ సెట్టింగులలో ఆ బ్యాకప్ ఆపాకే కదపాలి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, ఒక పెళ్లి వీడియోకే చాలదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో స్టోరేజ్, దానిలో టెంపరరీ ఫైల్స్ అనే చోట అక్కరలేనివి తొలగించవచ్చు. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది, అక్కడ టిక్ పెట్టకండి. ఈసీలు, పట్టా అడంగల్ కాపీలు, కరెంటు బిల్లుల రసీదులు మనం దింపుకున్నవన్నీ అక్కడే ఉంటాయి.

"డి ని కొంచెం తగ్గించి సి ని పెంచుతాను" అని ఎవరైనా అంటే ఒక చిక్కు ఉందని తెలుసుకోండి. విండోస్ పద్ధతిలో సి పెరగాలంటే దానికి ఆనుకుని కుడి పక్కనే ఖాళీ జాగా ఉండాలి. డి ని తగ్గిస్తే ఆ ఖాళీ డి కి అవతలి పక్క వస్తుంది, సి కి అందదు. చాలా మెషీన్లలో మధ్యలో రికవరీ పార్టిషన్ కూడా అడ్డం ఉంటుంది. అందుకే వాళ్లు చివరికి డి ని తీసేసి సి లో కలపడానికి చూస్తారు. డి ఖాళీ చేసుకున్నాక అయితే పర్వాలేదు.

తాళం వేసి ఉన్న డ్రైవ్

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం గుప్తలిపిలో ఉంటుంది. దీన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అనీ, పెద్ద రకంలో బిట్‌లాకర్ అనీ అంటారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఎన్నో మెషీన్లలో ఇది మనకు చెప్పకుండానే ఆన్ అవుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన వాటిలో ఇది ఇంకా ఎక్కువైంది. దొంగ ఎత్తుకుపోతే మన ఆధార్ కాపీలు వాడి చేతిలో పడవు, అది మంచిదే. అయితే మదర్‌బోర్డు మార్చినప్పుడో, కొన్ని సెట్టింగులు మార్చినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగున్నా తలుపు తెరుచుకోదు.

ఇక్కడే ఇంకో సంగతి. సి ని మాత్రమే ఫార్మాట్ చేయించుకుని, డి లోనివి ఉన్నాయి కదా అని ధీమాగా ఇంటికి వచ్చినవారికి, డి తెరవగానే ఆ 48 అంకెలు అడిగిన సందర్భాలు ఉన్నాయి. డి కి వేసిన తాళం తీసే పని అంతవరకు సి లోని విండోస్ తనే చూసుకునేది. ఆ విండోస్ పోయింది.

కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఎవరి ఖాతా అన్నదే ప్రశ్న. హైదరాబాద్ నుంచో, అమెరికా నుంచో సెలవులకు వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్ సిద్ధం చేసి ఇచ్చి ఉంటే కీ అతని ఖాతాలో ఉంటుంది. ఇవాళే ఫోన్ చేసి, ఖాతాలోకి వెళ్లి, ఆ అంకెలు పంపమనండి. కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి.

మ్యాక్‌లో కనిపించే జంట

పిల్లలు వాడి ఇచ్చిన ఆపిల్ మ్యాక్‌లు ఇప్పుడు పెద్దల ఇళ్లకు చేరుతున్నాయి. వీటిలో సి, డి ఉండవు. 2019లో వచ్చిన కాటలినా వెర్షన్ నుంచి ఆపిల్ వాల్యూమ్‌ను రెండుగా విడగొట్టింది. మ్యాకింటాష్ హెచ్‌డి అన్నది సిస్టమ్, చదవడానికే తప్ప దానిలో ఎవరూ ఏమీ రాయలేరు. మ్యాకింటాష్ హెచ్‌డి డేటా అన్నది మనది. మామూలుగా వాడేటప్పుడు రెండూ కలిసి ఒకటిగానే కనిపిస్తాయి. డిస్క్ యుటిలిటీ తెరిస్తేనే విడివిడిగా కనబడతాయి. కొన్ని వెర్షన్లలో రెండోదాని పేరు ఉత్త డేటా అని ఉంటుంది.

ఒకే డ్రైవ్ రెండుసార్లు వచ్చిందేమిటి, ఒకటి అదనం కాబోలు అని డేటా అన్నదాన్ని తొలగిస్తే ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోతాయి. చోటు మిగిలిందా అంటే అదీ అనుకున్నట్టు ఉండదు. విండోస్ పార్టిషన్లలా వీటికి గట్టి హద్దులు లేవు, రెండూ ఒకే పెద్ద చోటును అవసరం కొద్దీ వాడుకుంటాయి. మ్యాక్‌ను ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు మాత్రం, 2021లో వచ్చిన మాంటెరీ నుంచి ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లలో మొత్తం సమాచారాన్నీ సెట్టింగులనూ చెరిపే ఏర్పాటు ఉంది. అది సిస్టమ్‌ను అలాగే ఉంచి మనదాన్ని చెరుపుతుంది. ఈ విషయంలో ఆపిల్ పద్ధతి విండోస్ కంటే తిన్నగా ఉందని ఒప్పుకోవాలి.

తమిళనాడు ల్యాప్‌టాప్‌ల సంగతి

తమిళనాడులో 2011లో మొదలైన పథకం కింద ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మన తెలుగు ఇళ్లలోనూ ఎన్నో ఉన్నాయి. వాటిలో విండోస్‌తో పాటు సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్ కూడా ఉన్నవి ఉన్నాయి. లినక్స్ భాగాన్ని విండోస్ చదవలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది పేరు, అక్షరం లేని భాగంగా కనిపిస్తుంది. ఖాళీ అనుకుని తీసేసేముందు, ఆన్ చేసేటప్పుడు వచ్చే జాబితాలో లినక్స్ ఎంచుకుని లోపలికి వెళ్లి చూడండి. లినక్స్‌లో మనవి హోమ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పిల్ల ప్లస్‌టూలో చేసిన ప్రాజెక్టో, తీసిన ఫొటోలో అక్కడ మిగిలి ఉండవచ్చు.

దుకాణానికి పంపేముందు

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. యూజర్స్ లోపల మీ పేరున్న ఫోల్డర్ మొత్తాన్ని, డి లోని వాటిని, టాలీ డేటాను, తెలుగు ఫాంట్లను దానిలోకి కాపీ చేయండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి విడివిడి లాగిన్‌లు ఉంటే యూజర్స్‌లో వారి ఫోల్డర్లు కూడా ఉంటాయి, మరచిపోవద్దు. పెద్ద వీడియో ఒక్కటే కాపీ కాక మొరాయిస్తే, పెన్‌డ్రైవ్‌లో చోటున్నా, దాని ఫార్మాట్ ఫ్యాట్32 అయి ఉంటుంది. 4 జీబీకి మించిన ఒక్క ఫైలును అది తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్న డిస్క్ అయితే విండోస్‌కూ మ్యాక్‌కూ రెండింటికీ పనికొస్తుంది.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను పక్కింటివారి కంప్యూటర్‌కో, ఇంట్లో ఇంకోదానికో తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకున్నాకే మెషీన్ దుకాణానికి పంపండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను మాత్రం దానితో పాటు పంపకండి.

టెక్నీషియన్‌కు నోటిమాట కాకుండా చీటీ రాసి ఇవ్వండి. అతనికి అర్థమయ్యే భాషలోనే రాయండి, ఇంగ్లిషులో అయినా సరే. సి మాత్రమే ఫార్మాట్ చేయాలి, డి ముట్టుకోకూడదు, పార్టిషన్లు మార్చాల్సి వస్తే ముందు ఫోన్ చేయాలి అని మూడు ముక్కలు చాలు. కింద ఫోన్ నంబరు రాసి, ఆ చీటీని ల్యాప్‌టాప్ మూత మీద టేపుతో అంటించండి. బిల్లు మీద కూడా ఆ మాటే రాయించుకుంటే మంచిది.

పాత డిస్క్ తీసేసి కొత్తది వేస్తే, పాతదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకోండి. "అందులో ఏముందండీ, పాడైంది కదా" అంటారు. విండోస్ లేవనంత మాత్రాన డిస్క్ చచ్చినట్టు కాదు. వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ కేబులుతో దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే యూజర్స్ ఫోల్డర్ తెరుచుకోవచ్చు. అలా మీకు తెరుచుకునేది ఇంకెవరికైనా కూడా తెరుచుకుంటుంది కాబట్టి, మీ ఆధార్, పాన్, బ్యాంకు కాగితాలున్న డిస్క్‌ను పాతసామాను వాడికి వేయకండి.